పెట్టెలో ఏముంది? చీటీ మీద ఏముంది?

పోయినేడాది శ్రీరామనవమి వెళ్ళిన నెలకి ఖమ్మం నుంచి అమెరికాలో మా ఇంటికి పార్సిల్ వచ్చింది. అట్టపెట్టె ఒక అంచు నీట్‌గా కోసి, కొత్త టేపు వేసి ఉంది. తెరవగానే పైన ఒక కాగితం. కస్టమ్స్‌లో పెట్టె విప్పి చూశామని, రెండు వస్తువులు తీసేశామని. ఒకటి పచ్చి కరివేపాకు. రెండోది బియ్యం.

బియ్యం ఎక్కడివబ్బా అనుకున్నాను. అమ్మకి ఫోన్ చేస్తే తెలిసింది, అవి భద్రాచలం తలంబ్రాలని. ఆర్టీసీ కార్గోలో బుక్ చేసి ఇంటికే తెప్పించిందట. గుప్పెడు కూడా ఉండవు. "రాములవారి తలంబ్రాలు చెత్తలో పోశారా?" అంటూ ఆవిడ గొంతు పూడుకుపోయింది. కరివేపాకు సంగతి మాత్రం ఒప్పేసుకుంది. చీర మడతల్లో పెట్టింది తనేనట. "కనపడదులే అనుకున్నా" అంది.

మన తెలుగు సంఘాల పిక్నిక్కుల్లో, పాట్‌లక్కుల్లో ఇలాంటి కథ ఒకటి చెప్తే పది వస్తాయి. అన్నీ కస్టమ్స్ వాళ్ళని తిట్టడంతోనే ముగుస్తాయి. నేనూ రెండు రోజులు తిట్టాను. మూడో రోజు పెట్టె చింపి రీసైక్లింగ్‌లో వేస్తుంటే, మీద అంటించిన చీటీ మొదటిసారి చదివాను. "డ్రై స్నాక్స్, క్లాత్స్. విలువ 25 డాలర్లు." లోపలున్న గద్వాల చీర ఒక్కటే 14 వేల రూపాయలు. చీటీలో మాగాయ మాట లేదు, ఆవకాయ మాట లేదు, నువ్వుల పొడి మాట లేదు. అడుగున మా నాన్న సంతకం. బుకింగ్‌కి ఇచ్చిన ఆధార్ కూడా ఆయనదే.

ఈ వ్యాసం ఆ చీటీ గురించే.

ముందు ఆ బియ్యం సంగతి. ఖాప్రా బీటిల్ అని ఒక పురుగు ఉంది. రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. మన దేశంలో ధాన్యం గోదాముల్లో మామూలే. దాని లార్వా తిండి లేకుండా ఏళ్ళ తరబడి సందుల్లో నక్కి బతకగలదు. 1953లో అది కాలిఫోర్నియా గోదాముల్లో కనపడితే, పూర్తిగా వదిలించుకునేసరికి 1966 వచ్చింది. అందుకే ఆ పురుగున్న దేశాల నుంచి మనుషులు విడిగా తెచ్చుకునే, పంపుకునే బియ్యాన్ని 2011 నుంచి రానివ్వడం లేదు. కిలో అయినా గుప్పెడయినా ఒకటే. "మరి ఇండియన్ స్టోర్లో బాస్మతి బస్తాలు ఎలా వస్తున్నాయి?" అని మా తమ్ముడు వాదించాడు. వాటికి తనిఖీ, సర్టిఫికెట్ ఉంటాయి. అమ్మ పొట్లానికి ఏముంది? పసుపు కలిపిన బియ్యమైనా ఆ పురుగుకి బియ్యమే.

కరివేపాకుది ఇంకా పెద్ద కథ. నిమ్మ, నారింజ, బత్తాయి, కరివేపాకు అన్నీ ఒకే కుటుంబం చెట్లు. వీటి మీద వాలే ఒక చిన్న పురుగు సిట్రస్ గ్రీనింగ్ అనే తెగులుని చెట్టు నుంచి చెట్టుకి మోస్తుంది. ఆకులు పసుపు రంగుకి తిరుగుతాయి, కాయ వంకరపోతుంది, చెట్టు నెమ్మదిగా చస్తుంది. మందు లేదు. 2005లో ఈ తెగులు ఫ్లోరిడాలో బయటపడింది. అంతకు ముందు 2003-04 సీజన్‌లో అక్కడ 24 కోట్ల పెట్టెల నారింజ కాసింది. 2023-24లో 2 కోట్ల పెట్టెలు కూడా లేవు. తుఫాన్లు కూడా దెబ్బ కొట్టాయనుకోండి, కానీ అసలు దెబ్బ ఈ తెగులుదే. నల్లగొండ బత్తాయి తోటల మధ్య పెరిగినవాళ్ళకి దీని అర్థం ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఆ ఫ్లోరిడా తోటల రైతులెవరూ మా అమ్మకి శత్రువులు కారు. మా అమ్మకి తెలియదు, అంతే. తెలియాల్సింది పెట్టె కట్టిన కొరియర్ కౌంటర్ అబ్బాయికి. అతనన్న మాట "ఏం కాదమ్మా, మేం చూసుకుంటాం."

వాళ్ళు చూసుకోరు. నాకు అసలు కోపం అక్కడే. పెట్టె ఆగితే ఏజెంటు ఫోన్ ఎత్తడు. చీటీ మీద పేరు నాన్నది.

తమాషా ఏమిటంటే, చాలాసార్లు చీటీ మీద ఆ అబద్ధం అవసరం కూడా లేదు. అమెరికాలో 2002లో వచ్చిన బయోటెర్రరిజం చట్టం ప్రకారం బయటి నుంచి ఏ తిండి వస్తువు వచ్చినా అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి ముందుగా తెలియజేయాలి. దాన్ని ప్రయర్ నోటీస్ అంటారు. దానికి ఒక మినహాయింపు ఉంది. ఒక మనిషి తన ఇంట్లో వండి, తనే ఇంకో మనిషికి బహుమతిగా పంపితే ఆ నోటీసు అక్కర్లేదు. అంటే అమ్మ చేతి ఆవకాయ వేరు, కొట్లో కొన్న ఆవకాయ వేరు అని చట్టమే ఒప్పుకుంది! మన ఇళ్ళలో కోడళ్ళు, అత్తలు ఏళ్ళ తరబడి వాదించుకున్న విషయాన్ని వాషింగ్టన్‌లో రాసి పెట్టారు. కానీ ఏజెంటు పది ఇళ్ళ సరుకు కలిపి, పంపేవాళ్ళ చోట తన కంపెనీ పేరు వేసుకున్నాడనుకోండి. కాగితం మీద పంపింది అమ్మ కాదు. ఇంట్లో చేసిన పచ్చడి కూడా కాదు, "డ్రై స్నాక్స్". ఉన్న మినహాయింపు కాస్తా మనమే పోగొట్టుకున్నాం. (ఇది శాకాహారం పచ్చళ్ళ మాట. గోంగూర మటన్, నాటుకోడి ఇంట్లో చేసినా రావు. పశువుల, కోళ్ళ జబ్బుల భయం. వాటి మీద ఆశ వదులుకోండి.)

విలువ సంగతీ అంతే. 2016 నుంచి 800 డాలర్ల దాకా వస్తువులు డ్యూటీ (దిగుమతి పన్ను) లేకుండా వచ్చేవి కాబట్టి, చీటీ మీద ఎంత రాసినా ఎవరికీ పట్టలేదు. 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు ఎత్తేశారు. దానికి నాలుగు రోజుల ముందే ఇండియా పోస్ట్ చాలా రకాల పార్సిళ్ళు తీసుకోవడం ఆపేసింది. మళ్ళీ అక్టోబరు 15న మొదలుపెట్టినప్పుడు, ప్రకటించిన విలువలో సగం డ్యూటీగా బుకింగ్ దగ్గరే కట్టించుకుంది. ఇంత గందరగోళంలోనూ 100 డాలర్లలోపు నిజమైన బహుమతికి మినహాయింపు అలాగే ఉంచారు. ఒకరికి ఒక రోజులో అందేవాటి మొత్తం విలువ 100 దాటకూడదు. మాగాయ, నువ్వుల పొడి, రెండు నైటీలు కలిపినా 100 డాలర్లు కావు. నిజం రాసినా డ్యూటీ పడదు. పట్టుచీర ఉంటేనే పడుతుంది. అప్పుడు 14 వేల చీరని పది డాలర్ల గుడ్డముక్క అని రాస్తే, పెట్టె పోయిననాడు పరిహారం కూడా పది డాలర్లకే. అడగడానికి మనకి నోరుండదు.

అమెరికా ఒక్కటే ఇలా ఉందనుకోకండి. దుబాయ్‌లో ఉన్న కొడుక్కి జగిత్యాల నుంచి ఒక తల్లి మసాలాతో పాటు గసగసాలు పెట్టిందంటే అది పచ్చడి సీసాతో పోయే వ్యవహారం కాదు. అక్కడ అవి మాదకద్రవ్యాల కింద లెక్క. జైలుదాకా పోవచ్చు. ఆస్ట్రేలియాలో పాలతో చేసిన మిఠాయిలు రానివ్వరు. ఇక మనం ఇక్కడి నుంచి ఇంటికి పంపేవాటికి 2019 డిసెంబరు నుంచి బహుమతి అన్న మినహాయింపే తీసేశారు, ప్రాణాధార మందులకి, రాఖీకి తప్ప. రాఖీకి మాత్రమే. రాఖీతో పెట్టిన వాచీకి డ్యూటీ కట్టాల్సిందే.

చివరగా ఒక మాట, సంపాదకులు నొచ్చుకోకుండా. మనలాంటి సంఘాల సావనీర్లలో, పత్రికల్లో "కస్టమ్స్ టెన్షన్ లేదు, ఏదైనా పంపుతాం" అన్న కొరియర్ ప్రకటనలు చూస్తుంటాం. ఏదైనా పంపుతాం అంటే ఏదో ఒకటి రాసేస్తాం అనే కదా. అలాంటి వాక్యమున్న ప్రకటన వెయ్యం అని మనం అనలేమా? ఆ పేజీ డబ్బులు పోతే నా చందా పెంచుతాను. ఆ స్థలంలో ఏవి పంపొచ్చో, ఏవి పంపకూడదో పెద్దక్షరాలతో తెలుగులో వేయండి. మన పిల్లలు చదవకపోయినా, ఊళ్ళో అమ్మానాన్నలు వాట్సాప్‌లో చదువుతారు.

ఈ ఏడాది మా పెట్టె వేరే కౌంటర్ నుంచి వచ్చింది. చీటీ కోసం అమ్మ ముందుగా నోట్‌బుక్ కాగితం మీద తెలుగులో రాసుకుంది. మాగాయ, అరకిలో, ఇంట్లో చేసింది. నువ్వుల పొడి, పావుకిలో, ఇంట్లో చేసింది. కాటన్ చీర ఒకటి, 1,100. నాన్న దాన్ని చూసి ఇంగ్లీషులో నింపాడు. పెట్టె మీద టేపు వేసింది వేసినట్టే ఉంది. అది అదృష్టమా, చీటీ మహిమా, నాకు తెలియదు.

తలంబ్రాలు మళ్ళీ తెప్పించిందట. పూజగదిలో వెండి గిన్నెలో పెట్టింది. డిసెంబరులో మేం వెళ్ళినప్పుడు అక్కడే మా నెత్తిన వేస్తుందట.