నా లిస్టులో నీ పాటేంటి స్వామీ?

చేతులకి పిండి ఉండగానే ఫోన్ తీశా, తప్పులుంటే సర్దుకోండి. ఇది ఇప్పుడు రాయకపోతే చపాతీలు మాడిపోతాయి.

పాటల యాప్‌లో నేను కట్టుకున్న లిస్టు పెట్టుకుని వంట చేస్తున్నా. గీతాంజలి పాట అయిపోయింది. దాని వెనకాల నేను పెట్టుకున్నది రుద్రవీణ పాట. రెండూ ఇళయరాజావే, ఏడాది తేడాతో వచ్చిన సినిమాలే. కానీ ఒకటి వేటూరి రాసింది, ఇంకోటి సిరివెన్నెల రాసింది. ఆ మాటల తేడా చెవికి తగలాలనే పక్కపక్కన పెట్టుకున్నా. ఆ రెంటి మధ్యలోకి యాప్ ఒక ఐటం సాంగ్ దూర్చింది! అడిగానా? లేదు. 'మీకు నచ్చవచ్చు' అట. పప్పన్నం తింటున్నవాడి కంచంలో ఐస్‌క్రీం వేసి నచ్చవచ్చు అన్నట్టుంది. నెలనెలా డబ్బు కడుతున్నది దీనికోసమా?

పాటలు పోగెయ్యడం ఎవడైనా చేస్తాడు. దేని తర్వాత ఏది అన్నదే అసలు పని. క్యాసెట్ల కాలంలో రికార్డింగ్ షాపు అతనికి కూడా ఈ మాత్రం తెలుసు. తొంభై క్యాసెట్ అంటే ఒక్కో వైపు 45 నిమిషాలు. చీటీ మీద మనం రాసిచ్చిన పాటలు లెక్కేసి, 'చివర్ది తెగిపోద్దండీ, చిన్న పాటేదైనా చెప్పండి' అనేవాడు. అల్గారిథమ్ అన్న మాట విని కూడా ఉండడు, పాపం. ఏ పాటతో సైడ్ మొదలవ్వాలి, తిప్పి పెట్టగానే ఏది రావాలి అని మేం రాత్రంతా కొట్టుకునేవాళ్లం. ఇప్పుడేమో షఫుల్ నొక్కి 'సర్‌ప్రైజ్ బాగుంటుంది' అంటారు. ఆ సర్‌ప్రైజ్ మీరే ఉంచుకోండి.

రెడీమేడ్ లిస్టుల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాన పాటల లిస్టు తెరిస్తే, పల్లవిలో 'వాన' అన్న మాట ఉంటే చాలు, హీరో గుండె పగిలి ఏడుస్తున్నా అందులోనే. 2020లో బాలు గారు పోయినప్పుడు చూశాంగా. 1966 నుంచి పాడుతున్న మనిషికి నివాళి అంటే అందరి దగ్గరా అవే పది పాటలు! అందులో ఒకటి వేరేవాళ్లు పాడిన కవర్. నాకు ఒళ్లు మండిందంటే మండదా మరి?

ఇంకో మాట. వివిధభారతిలో సినిమా పేరు, రాసినవారు, సంగీతం, పాడినవారు అన్నీ చెప్పి మరీ పాట వేసేవాళ్లు. ఇప్పుడు రాసిన మనిషి పేరు కావాలంటే మూడు చుక్కలు నొక్కి, కిందికి తోసి, ఇంకోటి నొక్కి వెతకాలి. అప్పటికీ ఉంటే ఉన్నట్టు. రీమిక్స్ చేసిన కుర్రాడి పేరు మాత్రం బొమ్మ మీదే పెద్దక్షరాలతో!

అయినా మిషన్‌ని అని ఏం లాభం, మనుషులే అలా ఉంటే. మా అక్క పెళ్లికి వారాల తరబడి కూర్చుని లిస్టు కట్టా. జీలకర్ర బెల్లానికి సన్నాయి ఒక్కటే, తలంబ్రాలకి హుషారు పాటలు, అప్పగింతలకి మాటల్లేకుండా వీణ. పెన్‌డ్రైవ్ మీద పేరు రాసి డీజే అతని చేతిలో పెట్టా. 'ఓకే అన్నా, నే చూస్కుంటా' అన్నాడు. చూస్కున్నాడు! అమ్మ అక్క చెయ్యి తీసి అత్తగారి చేతిలో పెడుతుంటే తీన్మార్ కొట్టాడు. వీడియోలో అమ్మ ఏడుస్తుంటే వెనకాల పెళ్లికొడుకు ఫ్రెండ్స్ ఈలలు. అడిగితే 'జనం డల్ అయిపోయారన్నా' అట. అప్పగింతల్లో డల్ అవ్వక గంతులేస్తారా నాయనా?

పైగా మా బాబాయ్ పనిగట్టుకుని వెళ్లి అతనికి టిప్పు ఇచ్చొచ్చాడు.