చిటికెడు కార్బన్ వేస్తే నియోడిమియం అయిపోదు

కొన్ని రేర్ ఎర్త్ లోహాల, వాటితో చేసే అయస్కాంతాల ఎగుమతికి చైనా 2025 ఏప్రిల్‌లో లైసెన్సు పెట్టింది. అప్పట్నుంచి ఒక సందేశం తెగ తిరుగుతోంది: ‘మాంగనీస్, అల్యూమినియం కరిగించి చిటికెడు కార్బన్ కలిపితే నియోడిమియంతో సమానమైన అయస్కాంతం. కార్బన్ ఎంత పెంచితే అంత బలం. ఏ ఫౌండ్రీలోనైనా పోసుకోవచ్చు. స్కూటర్ మోటార్లో నేరుగా బిగించొచ్చు.’ మిశ్రమం మాత్రం నిజమైనదే, 1950ల చివరి నుంచీ తెలిసిందే.

‘నియోడిమియంతో సమానం.’ కాదు. నియోడిమియం అనే రేర్ ఎర్త్ లోహంతో చేసే అయస్కాంతాలు చాలా బలమైనవి. అయస్కాంతం ఇవ్వగల శక్తికి పైహద్దు దాని సంతృప్త అయస్కాంతీకరణ (ఆ పదార్థం గరిష్ఠంగా అయస్కాంతం కాగల స్థాయి) వర్గాన్ని, అంటే దాన్ని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని, బట్టి ఉంటుంది. మాంగనీస్-అల్యూమినియానికి ఆ అయస్కాంతీకరణ సుమారు 0.75 టెస్లా, నియోడిమియం-ఇనుము-బోరాన్‌కు 1.6. వర్గం చేస్తే నాలుగు రెట్లు దాటిన తేడా. లెక్క ప్రకారమే మొదటిదానికి 14 ఎంజీఓఈ (మెగా గాస్-ఓర్‌స్టెడ్, అయస్కాంత శక్తికి కొలమానం) మించదు. వేడిమీద అచ్చులోంచి నెట్టి తీసిన మంచి దిమ్మెలు 7 దగ్గర ఆగాయి. బజారులో దొరికే నియోడిమియం 35 నుంచి 50.

‘కార్బన్ ఎంత పెంచితే అంత బలం.’ అసలు అపార్థం ఇక్కడే. ఈ మిశ్రమంలో అయస్కాంత గుణం ఉన్నది టౌ అనే ఒక్క దశకే (దశ అంటే అణువుల ఒక ప్రత్యేక అమరిక). అది నిలకడ లేనిది. వేడి తగిలితే అయస్కాంతం కాని వేరే దశలుగా విడిపోతుంది. కార్బన్ పరమాణువులు సందుల్లో కూర్చుని ఆ విడిపోవడాన్ని ఆలస్యం చేస్తాయి. బలం పెంచడం వాటి పని కాదు. బరువులో మాంగనీస్ 70, అల్యూమినియం 29.5, కార్బన్ 0.5 శాతం అన్నవి బాగా నలిగిన పాళ్లు. పరమాణువుల లెక్కలో ఆ కార్బన్ 1.7 శాతం. ఈ లెక్కలో 2 దాటించారా, మిగులు కార్బన్ కార్బైడ్‌గా (లోహంతో కలిసిన సమ్మేళనంగా) మారి మాంగనీస్‌ను కూడా లాగేసుకుంటుంది. ఇమిడిన కార్బన్‌కు కూడా ఖరీదు ఉంది: క్యూరీ ఉష్ణోగ్రత, అంటే అయస్కాంత గుణం పోయే వేడి, సుమారు 380 నుంచి 300 డిగ్రీల లోపుకు దిగుతుంది.

‘ఏ ఫౌండ్రీలోనైనా.’ పోసి చల్లారనిస్తే వచ్చేది పనికిరాని ముద్ద. 1100 డిగ్రీల దగ్గర నానబెట్టి, గబుక్కున నీళ్లలో చల్లార్చి, మళ్లీ 500–550 డిగ్రీల్లో కొన్ని నిమిషాలు కాస్తేనే టౌ పుడుతుంది. ఎక్కువసేపు ఉంచితే పుట్టిన టౌ కూడా పోతుంది. కరిగేటప్పుడు మాంగనీస్ ఆవిరవుతుంది కాబట్టి ఆర్గాన్ వాయువు కింద కరిగించాలి, ఆవిరైపోయేంత మాంగనీస్ ముందే అదనంగా కలపాలి. అలాగని ఎక్కువ వేయకూడదు. మిగులు మాంగనీస్ అల్యూమినియం స్థానాల్లో చేరి ఎదురు దిశకు తిరిగి, ఉన్న బలాన్నే తగ్గిస్తుంది. ఇంత చేశాక కూడా లోహంలోని చిన్న స్ఫటిక గింజలన్నీ ఒకే దిక్కుకు తిరగాలంటే 700 డిగ్రీల దగ్గర అచ్చులోంచి నెట్టాలి.

‘స్కూటర్ మోటార్లో నేరుగా.’ దయచేసి ప్రయత్నించకండి. ఎదురు క్షేత్రాన్ని తట్టుకునే శక్తి, అదే కోయర్సివిటీ, దీనికి అర టెస్లా కూడా ఉండదు. నియోడిమియానికి ఒకటి దాటుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు కరెంటు పెరిగి, దాంతో ఎదురు క్షేత్రం పెరిగితే అయస్కాంతమే చచ్చుబడుతుంది. పొడి చేసి కోయర్సివిటీ పెంచొచ్చు, కానీ నూరుడుకు స్ఫటికాల అమరిక చెదిరి సంతృప్త అయస్కాంతీకరణ పడిపోతుంది.

దీన్ని పోల్చాల్సింది ఫెరైట్‌తో, అంటే ఐరన్ ఆక్సైడ్‌తో చేసే మామూలు నల్ల అయస్కాంతంతో. ఫెరైట్ 4 ఎంజీఓఈ చుట్టూ ఆగుతుంది, పెళుసు కూడా. మాంగనీస్-అల్యూమినియం-కార్బన్‌ను లేత్ మీద తిప్పొచ్చు.