రెండు నిమిషాల పనే కదా అన్నా!

నల్గొండ చుట్టుపక్కల నాలుగు వానలు పడితే చాలు, బత్తాయి తోటల్లో గడ్డి మోకాళ్ల దాకా లేస్తుంది. మూలకు పడేసిన గడ్డి కోసే మిషన్ అప్పుడు గుర్తొస్తుంది అందరికీ, రిపేరుకని నా దగ్గరికి పట్టుకొస్తారు. పోయిన సీజన్‌లో పోసిన పెట్రోలు ట్యాంకులోనే ఉంటుంది. ఇంజిన్‌కు పెట్రోలు, గాలి కలిపి పంపే కార్బురేటర్ విప్పితే లోపలంతా ఆ పాత పెట్రోలు జిగురు, పెట్రోలు వచ్చే సన్నటి జెట్ రంధ్రం పూడిపోయి ఉంటుంది. "నిన్నటిదాకా మంచిగనే నడిచిందన్నా!" ఏ నిన్న? ట్యాంకు మూత మీద సాలెగూడు నాకు కనబడదా?

ఇంకో రకం వాళ్లుంటారు. ఈ మిషన్లలో చాలావాటికి ఉండే టూ-స్ట్రోక్ ఇంజిన్‌కు, లోపలి భాగాలు అరగకుండా పెట్రోలులోనే ఆయిల్ కలపాలి. 25:1, అంటే 25 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్ అని రాసుంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అయితే 20. అంతే లెక్క! చెబితే "మా బైకుకు కలుపుతున్నమా?" అని నాకే ఎదురు ప్రశ్న. ఆయిల్ లేక ఇంజిన్‌లో పైకీ కిందికీ ఆడే పిస్టన్ నిలువునా గీసుకుపోయి, దాని చుట్టూ ఉండే రింగు అతుక్కుపోయాక తెచ్చి, "జర ప్లగ్గు చూడు తమ్మీ" అంటారు. ప్లగ్గు మారిస్తే పిస్టన్ బాగవుతుందా?

ఇంట్లోనే విప్పి, యూరియా సంచిలో పార్టులు పోసుకొచ్చే మహానుభావులు వేరే. స్టార్టర్ స్ప్రింగ్ ఏదంటే "అదేడనో ఎగిరిపోయింది" అట!

బిల్లు దగ్గర మాత్రం అందరిదీ ఒకటే మాట, "ఆన్‌లైన్‌లో సగం ధరకే ఉందన్నా". మరి బిగించుడు కూడా ఆన్‌లైన్‌లోనే చేయించుకోరాదు? పొద్దున చాయ్ తాగకముందే "అయిందా, అయిందా" అని ఫోన్లు. అయిందని చెప్పిన మర్నాటి నుంచి ఒక్కడూ ఫోన్ ఎత్తడు.