అమ్మానాన్నలకు 90 టెస్టుల కానుక

పండక్కి బట్టలు పెట్టినట్టు ఈ మధ్య మనవాళ్ళు ఇండియాలో అమ్మానాన్నలకు ఫుల్ బాడీ చెకప్ బుక్ చేస్తున్నారు. డల్లాస్‌లో కూర్చుని ఫోన్ నొక్కితే మర్నాడు తెల్లవారేసరికి గుంటూరులో ఇంటి గుమ్మం ముందు భుజాన బ్యాగుతో ల్యాబ్ కుర్రాడు హాజరు. 80 టెస్టుల ప్యాకేజీకీ 90 టెస్టుల దానికీ కాస్తే తేడా అంటే మనం ఆగుతామా, పెద్దదే కొంటాం. నాకు మాత్రం ఈ పద్ధతి నచ్చడం లేదు.

అసలు ఆ 90 ఏమిటో ఒకసారి విప్పి చూడండి. రక్తకణాలను లెక్కగట్టే సీబీసీ అనే ఒక్క పరీక్షలో వచ్చే హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు వగైరా అంకెలన్నిటినీ విడివిడి టెస్టులుగా లెక్కగడతారు. ఊదారంగు మూత ట్యూబు ఒక్కటి చాలు దానికి, మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా అందులోంచే. ఇక కొలెస్ట్రాల్ పేజీలో కొన్ని వరుసలు రక్తంలో కొలిచినవే కావు, పక్క అంకెలతో తీసివేతలు, భాగహారాలు చేసి రాసినవి.

సరే, సంఖ్య పెంచుకున్నారు, మనకేం నష్టం అంటారా? ఉంది. ల్యాబ్ వేసే నార్మల్ హద్దులు సాధారణంగా ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది ఉండే చోటు, అంటే ఏ జబ్బూ లేని ఐదుగురు ఎలాగూ బయటే ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు చేస్తే నిక్షేపంగా ఉన్న మనిషికి కూడా కనీసం ఒకటి తేడాగా వచ్చే అవకాశం 64 శాతం. 90 చేస్తే ఎర్రగుర్తు లేని రిపోర్టు రావడమే వింత! "ఒరేయ్, ఇందులో ఏదో ఎర్రగా ఉందిరా, ఏమంటావ్?" అని నాన్నగారు పీడీఎఫ్ వాట్సాప్‌లో పెడతారు, మనం ఇక్కడ ఆఫీసు మీటింగులో గూగుల్ చేస్తాం, ఇద్దరికీ టెన్షన్, మధ్యలో డాక్టరనే మనిషే లేడు. కొన్ని ప్యాకేజీల్లో సీఈఏ, సీఏ-125 లాంటి క్యాన్సర్ మార్కర్లు కూడా కలుపుతున్నారు. ఏ లక్షణమూ లేనివాళ్ళలో క్యాన్సర్ వెతకడానికి అవి పనికిరావు, సీఈఏ అయితే సిగరెట్ తాగేవాళ్ళలో ఉత్తినే పెరిగి ఉండొచ్చు.

ఇంకో చిత్రం. అమ్మకి జుట్టు రాలుతోందని ఇక్కణ్ణుంచి మనమే పంపిన బయోటిన్ అనే విటమిన్ బిళ్ళలు కొన్ని ల్యాబుల పద్ధతుల్లో థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. బయోటిన్ ల్యాబ్ ఫలితాలను తారుమారు చేస్తుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. రక్తం తీసే కుర్రాడు ఆ సంగతి అడుగుతాడా, అమ్మ చెబుతుందా?

మామూలుగా పెద్దవాళ్ళకి ముందు చూడాల్సినవి తక్కువే. బీపీ, హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు దశ, 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే షుగరే అంటారు గానీ, ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే ఆ అంకె లేనిపోని ఎక్కువ చూపించొచ్చు, అందుకే పక్కనే హిమోగ్లోబిన్ చూడాలి. షుగర్ ఉన్నవాళ్ళకి ఏటా మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూడాలి, రెటీనా పరీక్ష కూడా చేయించాలి, ఆ కంటి పరీక్ష ఇంటికొచ్చే ల్యాబ్ బ్యాగులో ఉండదు.

అన్నిటికన్నా నన్ను చికాకు పెట్టేది, ఏటా ఎక్కడ ఆఫర్ ఉంటే ఆ ల్యాబ్‌కి మారడం. నాన్నగారి క్రియాటినిన్ మూడేళ్ళలో 0.8 నుంచి 1.2కి పాకితే చాలా రిపోర్టుల్లో ఎర్రగుర్తు పడదు, రెండూ హద్దుల్లోనే ఉంటాయి కాబట్టి. పాత కాగితాలు పక్కన పెట్టుకుని చూసే ఊళ్ళో ఫిజీషియన్‌కైతే అది ఇట్టే కనిపిస్తుంది. ఈసారి ప్యాకేజీ డబ్బులు ఆయన ఫీజుకి కట్టండి, ఏ టెస్టులు కావాలో ఆయనే రాస్తారు.