ముఖం అదురుకు చేసే ఆపరేషన్‌లో ముఖ నరాన్ని కోయరు

ముఖం ఒకవైపే అదిరే జబ్బు గురించి ఒక వాట్సాప్ మెసేజ్ మా చుట్టాల గ్రూపుల్లో మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. ఆ జబ్బున్న మా పెద్దమ్మ అది చదివి భయపడి నాలుగేళ్ళు ఆపరేషన్ మాట ఎత్తనివ్వలేదు. సూదిలో దారం ఎక్కించబోతే చాలు, ఎడమ కన్ను గట్టిగా మూసుకుపోయేది. అందుకే ఆ మెసేజ్‌లోని ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"ఇదంతా టెన్షన్ వల్లే." టెన్షన్‌తో అదురు ఎక్కువవుతుంది గానీ జబ్బు పుట్టదు. నిద్ర చాలక కన్ను అదిరి, నాలుగు రోజుల్లో తగ్గిపోవడం వేరు. ఈ హెమీఫేషియల్ స్పాజమ్ సాధారణంగా కంటిరెప్ప దగ్గర మొదలై నెమ్మదిగా బుగ్గకూ మూతికీ పాకుతుంది. పెద్దమ్మకు నిద్రలో కూడా బుగ్గ లాగేది, పక్కన పడుకుని నేనే చూశాను. మెదడు కాండం నుంచి ముఖ నరం బయటికొచ్చే చోట ఒక రక్తనాళం దాన్ని ఒత్తుతూ ఉండటమే చాలామందిలో కారణం. అరుదుగా గడ్డ ఉండొచ్చు కాబట్టి ఎంఆర్‌ఐ తీస్తారు.

"వదిలేస్తే పక్షవాతం అవుతుంది." కాదు. మూతి ఉన్నట్టుండి జారిపోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా అది వేరే సంగతి, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

"నరం కోసేస్తారు, మూతి వంకరపోతుంది." ఈ భయానికి ఒక మూలం ఉంది. పూర్వం అదురు ఆపడానికి ముఖ నరాన్నే కొంత దెబ్బతీసేవారు, దాంతో ముఖం చచ్చుబడేది. అమెరికాలో న్యూరోసర్జన్ పీటర్ జానెటా 1960ల నుంచి వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి పూర్తిగా వేరు. చెవి వెనక ఎముకలో చిన్న రంధ్రం చేసి, మైక్రోస్కోప్‌లో చూస్తూ రక్తనాళాన్ని నరం మీంచి పక్కకు జరుపుతారు. రెండిటి మధ్య దూదిలాంటి టెఫ్లాన్ ముక్క పెడతారు. నరం జోలికి కత్తి వెళ్ళదు. అనుభవమున్న సర్జన్ల చేతిలో 10 మందిలో 8, 9 మందికి అదురు పోతుంది. ప్రమాదమే లేదని నేను అనను. కొద్దిమందికి ఆ వైపు వినికిడి తగ్గుతుంది, ముఖం కొన్నాళ్ళు బలహీనపడొచ్చు, అరుదుగా స్ట్రోక్ కూడా రావచ్చు. వీటి గురించి సర్జన్‌ను సూటిగా అడగాలి. ఆపరేషన్ అందరికీ తప్పనిసరి కూడా కాదు.

"బొటాక్స్ అంటే విషం." అది బ్యాక్టీరియా విషమే, నిజం. అదురు తగ్గడానికి సూదిమందుగా ఇచ్చేది మాత్రం అతి తక్కువ మోతాదు. కంటిరెప్పల అదురుకు అమెరికా 1989లోనే అనుమతించింది. ఆపరేషన్‌కు తట్టుకోలేని పెద్దవాళ్ళకు ఇది మంచి దారి. కాకపోతే మూడు నాలుగు నెలలకోసారి మళ్ళీ వేయించుకోవాలి, రెప్ప కొన్నాళ్ళు వాలొచ్చు.

పెద్దమ్మకు ఆపరేషనయ్యాక కూడా మూడు వారాలు బుగ్గ అదురుతూనే ఉంది. అందరం కంగారుపడ్డాం. కొందరికి పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుందని డాక్టర్ ముందే చెప్పారు. ఇప్పుడు జాకెట్లకు హుక్కులు తనే కుట్టుకుంటోంది.