గుణాత్మక పరిశోధన కబుర్ల మూట కాదు: ఒక ప్రచారానికి ఖండన

వైద్యుల వాట్సాప్ గ్రూపుల్లోను, ప్రజారోగ్య విద్యార్థుల చర్చల్లోను ఒక వాదన తరచుగా చేతులు మారుతోంది. ఆరోగ్య సేవలు మెరుగుపడాలంటే అంకెలు ఉంటే చాలునని, రోగులతోను సిబ్బందితోను మాట్లాడి, వార్డుల్లో కూర్చుని గమనించి రాసే గుణాత్మక పరిశోధనకు విలువ లేదని దాని సారాంశం. అందుకు చూపే కారణాలు నాలుగు: నమూనా మరీ చిన్నది, తేలేది పరిశోధకుడి సొంత అభిప్రాయమే, ఒకచోట కనుగొన్నది మరోచోటికి వర్తించదు, దానివల్ల ఏ ఆస్పత్రిలోనూ ఏదీ మారలేదు. ఇలా అనేవాళ్లందరినీ తెలియనివాళ్లుగా కొట్టిపారేయలేం. బ్రిటిష్ మెడికల్ జర్నల్ అంతటి పత్రిక కూడా ఇలాంటి వ్యాసాలకు తమ దగ్గర ప్రాధాన్యం తక్కువని, వాటిని ఉటంకించేవారు తక్కువని, ఆచరణలో వాటి ఉపయోగం అంతంతమాత్రమేనని ఒక వ్యాసాన్ని తిరస్కరిస్తూ చెప్పింది. దానికి జవాబుగా 2016లో బ్రిటన్ వైద్య పరిశోధకురాలు ట్రిషా గ్రీన్‌హాల్‌తో కలిసి 11 దేశాలకు చెందిన మొత్తం 76 మంది సీనియర్ పరిశోధకులు ఆ పత్రికకే బహిరంగ లేఖ రాశారు. కనుక ఈ వాదనకు పెద్దల అండ కూడా ఉంది. అయినా అది నిలవదు.

అంకెలు చాలునన్న మాటను ముందుగా పరీక్షించాలి, ఎందుకంటే తక్కినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పీటర్ ప్రొనొవోస్ట్ బృందం నూటికి పైగా ఐసీయూల్లో, పెద్ద రక్తనాళాల్లో అమర్చే గొట్టాల ద్వారా రక్తానికి సోకే ఇన్ఫెక్షన్లను తగ్గించే కార్యక్రమం నడిపింది. వెయ్యి గొట్టపు రోజులకు (ఒక రోగికి ఒక రోజు గొట్టం ఉంటే అది ఒక గొట్టపు రోజు) 2.7గా ఉన్న మధ్యగత రేటు, అంటే ఐసీయూలను వరసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే రేటు, మూడు నెలల్లో సున్నాకు చేరిందని 2006లో ప్రచురించింది. చేతులు కడుక్కోవడం, చర్మాన్ని క్లోరెక్సిడిన్‌తో శుభ్రం చేయడం వంటి ఐదు పనుల చిన్న జాబితాతో ఇంతటి ఫలితం వచ్చిందన్న వార్త ప్రపంచమంతా పాకింది. ఇంగ్లండ్ దాన్ని తన 200కు పైగా ఐసీయూల్లో 2009 నుంచి 2011 వరకు అమలు చేసింది. ఇన్ఫెక్షన్లు అక్కడా తగ్గాయి. కాని కార్యక్రమం ఇంకా మొదలుకాని ఐసీయూల్లోనూ అవి తగ్గుతూనే ఉన్నాయి కాబట్టి, ఆ తగ్గుదలను కార్యక్రమం ఖాతాలో వేయడం సాధ్యపడలేదు.

ఇక్కడ లెక్కలు చేతులెత్తేశాయి. బ్రిటన్ పరిశోధకురాలు మేరీ డిక్సన్-వుడ్స్ బృందం వాటిలో 17 ఐసీయూల్లోకి వెళ్లి, ఆ అంకెలు అసలు ఎలా తయారవుతున్నాయో గమనించింది. కొన్నిచోట్ల జ్వరం కాస్త కనబడగానే రక్త నమూనాను కల్చర్‌కు, అంటే అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షకు, పంపేవారు. మరికొన్నిచోట్ల బలమైన అనుమానం ఉంటే తప్ప పంపేవారు కాదు. ఏది గొట్టం వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్, ఏది కాదు అన్న నిర్వచనాన్ని ఒక్కో యూనిట్ ఒక్కో రకంగా అర్థం చేసుకుంది. లెక్క రాసే బాధ్యత ఒకచోట అందుకోసమే నియమించిన ఉద్యోగిదైతే, ఇంకోచోట తీరిక దొరికినప్పుడు రాసే నర్సుది. ఇందులో ఉద్దేశపూర్వకమైన మోసం దాదాపు లేదు. ప్రతి యూనిట్ తనకు సాధ్యమైన పద్ధతిలో నిజాయితీగానే లెక్కపెట్టింది. అయినా వచ్చిన అంకెలు ఒకదానితో ఒకటి పోల్చదగినవి కావు. ఈ సంగతి ఆ అంకెలనే ఎన్నిసార్లు తిరగేసినా బయటపడదు. ఎక్కువ ఇన్ఫెక్షన్లు చూపిన ఐసీయూ నిజంగా అధ్వానంగా ఉందో, శ్రద్ధగా వెతకడం వల్లనే దానికి ఎక్కువ దొరికాయో తేల్చుకోవాలంటే లెక్క రాసే మనిషి పక్కన నిలబడాలి.

అదే డిక్సన్-వుడ్స్, ప్రొనొవోస్ట్‌తో కలిసి 2011లో మిషిగన్ విజయాన్ని మళ్లీ పరిశీలించినప్పుడు, జాబితా ఒక్కటే ఆ పని చేయలేదని తేలింది. ఆస్పత్రులు ఒకదాన్నొకటి చూసి వెనకబడకూడదనుకోవడం, ఇన్ఫెక్షన్‌ను తప్పించలేని దుష్ఫలితంగా కాక సరిదిద్దుకోదగిన సమస్యగా వైద్యులు చూడటం మొదలుపెట్టడం, వారి లెక్కలు ఎప్పటికప్పుడు వారికే తిరిగి చేరడం కూడా అందులో పాలుపంచుకున్నాయి. కాగితాన్ని దిగుమతి చేసుకున్నవారు ఆ వాతావరణాన్ని దిగుమతి చేసుకోలేదు. మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని 24 జిల్లాల్లో, 120 ప్రసూతి కేంద్రాల్లో సురక్షిత ప్రసవ చెక్‌లిస్ట్‌పై జరిగిన పెద్ద ట్రయల్ (కేంద్రాలను చీటీ తీసినట్టు రెండు వర్గాలుగా విడదీసి పోల్చే పరీక్ష) ఫలితాలు 2017లో వెలువడ్డాయి. సిబ్బంది పాటించే పద్ధతులు మెరుగుపడ్డాయి. తల్లీబిడ్డల మరణాలు మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఆ ట్రయల్ రూపకల్పనలో లోపం ఎంచలేం. కాని ఎందుకు తగ్గలేదన్న ప్రశ్నకు జవాబు ప్రసవ గదిలో వెతకాలి.

ఇక నమూనా చిన్నదన్న ఆరోపణ. ఇది కొలబద్దనే తారుమారు చేస్తుంది. నూటికి ఎందరు ఆస్పత్రికి వస్తున్నారో తెలుసుకోవాలంటే వేల మందిని అడగాలి, అందులో వివాదం లేదు. ఇంటి పక్కనే ఆస్పత్రి ఉన్నా ఒక స్త్రీ అక్కడికి ఎందుకు వెళ్లడం లేదో తెలుసుకోవాలంటే, అలా వెళ్లనివారిని, ఒకసారి వెళ్లి మానేసినవారిని, ఎప్పుడూ వెళ్లేవారిని ఉద్దేశపూర్వకంగా ఎంచుకుని, కొత్త సంగతి రావడం ఆగేదాకా మాట్లాడాలి. ఆ ఆగడం ఎప్పుడన్నదాన్ని కూడా పరిశోధకులు పరీక్షించారు. గ్రెగ్ గెస్ట్ బృందం ఘనా, నైజీరియాల్లో 60 మంది స్త్రీలతో చేసిన ఇంటర్వ్యూలను వరసగా విశ్లేషించి, ప్రధానాంశాలు మొదటి పన్నెండింటిలోనే దాదాపుగా వచ్చేశాయని 2006లో చూపింది. ఇది అన్ని సందర్భాలకూ సరిపోయే సూత్రం కాదు. ఒకే రకమైన వ్యక్తులను, ఇరుకైన ప్రశ్నను తీసుకున్నప్పుడు వచ్చిన ఫలితం. అయితే పదిహేను ఇంటర్వ్యూలు చేసి ‘అరవై శాతం మంది అసంతృప్తి వ్యక్తం చేశారు’ అని రాసే వ్యాసాలు కనబడుతూనే ఉంటాయి. వాటి మీద పడే అక్షింతలు న్యాయమైనవే. ఆ తప్పు రాసినవారిది, పద్ధతిది కాదు.

పరిశోధకుడి అభిప్రాయమే ఫలితంగా వస్తుందన్న భయం సహేతుకం. అందుకే మాటలను యథాతథంగా రాసిపెట్టడం, ఇద్దరు విడివిడిగా వాటిని వర్గీకరించి పోల్చుకోవడం, తమ వివరణకు ఎదురు తిరిగే ఉదాహరణలను పనిగట్టుకుని వెతకడం ఈ రంగంలో ఆచారమయ్యాయి. ఇంటర్వ్యూలు, ఫోకస్ గ్రూపుల (కొద్దిమందిని ఒకచోట కూర్చోబెట్టి జరిపే చర్చల)పై వ్యాసం రాసేవారు ఏయే వివరాలు బయటపెట్టాలో చెప్పే కోరెక్ అనే 32 అంశాల జాబితా 2007 నుంచి ఉంది. ఇంటర్వ్యూ చేసినవారు ఎవరు, వారికీ జవాబు చెప్పినవారికీ ముందే పరిచయం ఉందా, ఆ సమయంలో పక్కన ఇంకెవరైనా ఉన్నారా అన్నవి అందులో ఉన్నాయి. మన దగ్గర జరిగే పనుల్లో అసలు బలహీనత సరిగ్గా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలో, ఏఎన్ఎంను పక్కన కూర్చోబెట్టి, ‘ఇక్కడ సేవలు ఎలా ఉన్నాయమ్మా?’ అని అడిగితే ‘బాగానే చూస్తున్నారు సార్’ అనక ఆమె ఏమంటుంది? కాని అదే స్త్రీకి ఫోన్ చేసి సంతృప్తిగా ఉంటే ఒకటి, లేకుంటే రెండు నొక్కమన్నా ఆ మొహమాటం పోదు. 2016లో కేంద్రం ప్రారంభించిన ‘మేరా అస్పతాల్’ వంటి వ్యవస్థలు రోగుల అభిప్రాయాలను పెద్ద ఎత్తున కూడగట్టడానికి పనికొస్తాయి; అయితే ఏ ప్రశ్న అడగాలో, ఏ జవాబులను ఎంపికలుగా ఇవ్వాలో కూడా ఎవరో ఒకరు నిర్ణయించినవే. ప్రశ్నపత్రంలో ఆ నిర్ణయం అచ్చయిపోయి కంటికి కనబడదు, ఇంటర్వ్యూలో కనబడుతుంది. తేడా అంతే.

మరోచోటికి వర్తించదన్న మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. ఒక ఊరి శాతం పక్క ఊరికి వర్తించనట్టే ఇంటర్వ్యూలో తేలిన విషయమూ యథాతథంగా వర్తించదు; వర్తించేది వివరణ. ప్రసూతి మరణాల వెనక మూడు ఆలస్యాలు ఉంటాయని, అవి వైద్యం కోసం బయలుదేరాలన్న నిర్ణయంలో, ఆస్పత్రికి చేరడంలో, చేరాక చికిత్స అందడంలో జరుగుతాయని థాడియస్, మేన్ అనే పరిశోధకులు పలు దేశాల అధ్యయనాలను చదివి 1994లో ప్రతిపాదించారు. మన దేశంలో ప్రసూతి మరణం జరిగిన ఇంటికి వెళ్లి కుటుంబాన్ని అడిగే సమీక్ష కూడా ఈ మూడు ఆలస్యాల చట్రాన్నే వాడుతుంది.

దీనివల్ల ఏదీ మారలేదన్నది అన్నిటికంటే తేలిగ్గా తప్పని తేల్చదగినది. బ్రిటన్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, రేడియేషన్, క్రమం తప్పని పర్యవేక్షణ అనే మూడు మార్గాలను పోల్చే ప్రొటెక్ట్ ట్రయల్ మొదట్లోనే చిక్కులో పడింది. తమకు ఏ చికిత్స రావాలో చీటీ తీసినట్టు నిర్ణయించడానికి ఒప్పుకున్న రోగులు 30 నుంచి 40 శాతం మాత్రమే. జెనీ డొనొవన్ బృందం, వైద్య సిబ్బంది రోగులకు ట్రయల్‌ను వివరించే సంభాషణలను రికార్డు చేసి, రోగులను విడిగా ఇంటర్వ్యూ చేసింది. సిబ్బంది ముందుగా శస్త్రచికిత్సను, రేడియేషన్‌ను తీరిగ్గా వివరించి, పర్యవేక్షణను చివర్లో ముక్తసరిగా చెబుతున్నారు. రోగులకేమో అది చికిత్స చేయకుండా వదిలేయడంలా వినబడుతోంది. చెప్పే క్రమం మార్చి, పర్యవేక్షణలో ఏం జరుగుతుందో స్పష్టంగా చెప్పి, ఏది మేలో వైద్యులకే ఇంకా తెలియదన్న సంగతి దాచకుండా చెప్పాక, ఒప్పుకునేవారు దాదాపు 70 శాతానికి పెరిగారు. చివరకు 1,643 మంది ఆ ట్రయల్‌లో చేరారు. పదేళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్‌తో మరణించినవారు మూడు వర్గాల్లోనూ సుమారు ఒక శాతమేనని 2016లో ప్రకటించిన ఆ ఫలితాన్ని, గుణాత్మక పరిశోధనను తీసిపారేసేవారు కూడా గౌరవంగానే ఉటంకిస్తారు.

పశ్చిమాఫ్రికాలో ఎబోలా విజృంభించినప్పుడు కొత్త ఇన్ఫెక్షన్లలో కనీసం 20 శాతం ఖననాల సమయంలో సోకుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 నవంబరులో చెప్పింది. రక్షణ దుస్తుల్లో వచ్చి శవాన్ని సంచిలో వేసి తీసుకుపోయే బృందాల నుంచి జనం తమవారి శవాలను దాచేశారు. మానవశాస్త్రవేత్తలు, మతపెద్దలు, ఆ సంస్థ కలిసి రూపొందించిన కొత్త నియమావళిలో కుటుంబ సభ్యుల పాత్ర, ప్రార్థన, ముస్లిముల విషయంలో నీరు లేకుండా చేసే శుద్ధి, శవానికి చుట్టే వస్త్రమైన కఫన్ చేరాయి. ఈ పని సంవత్సరాలు పట్టలేదు. వ్యాధి ప్రబలుతున్న నెలల్లోనే జరిగింది. ఇలాంటి పరిశోధన నిదానమని ఫిర్యాదు చేసేవారు ఇది గమనించాలి.

చివరగా మన ఇంటి సంగతి. 2015–16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఈ అంకెలు లేకుంటే సమస్య ఎంత పెద్దదో మనకు తెలిసేదే కాదు. సర్వే కారణం కూడా అడిగింది. ఎక్కువమంది చెప్పినది అధిక రక్తస్రావం లేదా నొప్పి. కాని రక్తస్రావానికి మందులున్నాయి, ఇతర చికిత్సలున్నాయి, అయినా గర్భసంచి తీయించుకునేదాకా ఎందుకు వస్తోంది? గ్రామీణ స్త్రీలతో సావకాశంగా మాట్లాడిన అధ్యయనాల్లో వచ్చే జవాబులు వేరు: అది క్యాన్సర్‌గా మారుతుందన్న భయం, పిల్లలు పుట్టడం అయిపోయాక ఆ అవయవంతో పని లేదన్న నమ్మకం, నెలనెలా కూలి పోగొట్టుకోలేని స్థితి, దగ్గర్లో గైనకాలజిస్టు లేకపోవడం, ప్రైవేటు ఆస్పత్రిలో మొదటి సలహాగానే ఆపరేషన్ రావడం. భయానికి చేయవలసిన పని వేరు, మందు దొరకకపోవడానికి చేయవలసిన పని వేరు, ఆస్పత్రుల తీరుకు చేయవలసిన పని మరీ వేరు. అనవసరమైన గర్భసంచి తొలగింపులను అరికట్టడానికి కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. వాటి కింద ఏర్పడే జిల్లా కమిటీలు ఏ ఆస్పత్రిలో, ఏ వయసువారికి, ఎన్ని ఆపరేషన్లు జరిగాయో లెక్కలు తీసుకోవాలి. వాటితోపాటు ఆపరేషన్ చేయించుకున్నవారితోను, సలహా ఇచ్చినా చేయించుకోని వారితోను, ఆస్పత్రి సిబ్బంది ఎవరూ పక్కన లేకుండా, వాళ్ల ఇళ్ల దగ్గరే ఇంటర్వ్యూలు జరిపించే బాధ్యత కూడా ఆ కమిటీలకే అప్పగించాలి.