ఎన్‌ఓసీ గారికి ఒక అభ్యంతర పత్రం

మహారాజశ్రీ నిరభ్యంతర పత్రం గారి దివ్య సముఖమునకు (అలియాస్ ఎన్‌ఓసీ, అలియాస్ ఈ-పాస్, అలియాస్ "లెటర్ ఉందా?"),

మొన్న గురువారం (2021 మే 13) మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సాయంత్రం అయిదున్నర దాకా, తెలంగాణ-ఆంధ్ర సరిహద్దులో పాలేరు వంతెనకి ఇవతల తమరిని చేత్తో పట్టుకుని నిలబడినవాణ్ణి నేనే. తమరికి గుర్తుండకపోవచ్చు. ఆ రోజు వంతెన మీద తమరి బంధువర్గం చాలానే ఉంది. మే నెల ఎండ కదా, నా చెమటకి తమరి కింద సంతకం కాస్త అలుక్కుపోయింది. క్షమించాలి. ప్లాస్టిక్ కవర్లో పెడదామనుకున్నాను గానీ జిరాక్స్ షాపు పదింటికే మూసేశారు.

మన పరిచయం ఈనాటిది కాదు. 2020 మార్చి 25, ఉగాది. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి టీవీలో కరోనా కోసం దేశమంతా 21 రోజులు తాళం అన్నారు. అంతకుముందే హైదరాబాద్‌లో మా హాస్టల్ ఓనర్ "వంటమాస్టర్ వెళ్ళిపోయాడు, ఖాళీ చేయండి బాబూ" అన్నాడు. అందరం బ్యాగులు భుజాన వేసుకుని పోలీస్ స్టేషన్ ముందు నిలబడ్డాం, ఒకరి వీపుకి ఒకరం అతుక్కుని. దూరం దూరంగా ఉండడానికి ఊరెళ్ళాలి, దానికి పర్మిషన్ ఇప్పించండి అని. అక్కడ తమరు దయచేశారు. బైక్ నంబరు కరెక్టు. నా పేరు వేణు, తమరిలో వీణ. అయినా ముద్ర గట్టిగా పడింది కదా అని కళ్ళకద్దుకున్నాను.

వంతెన అవతల ఆంధ్ర చెక్‌పోస్టు ఉన్న గరికపాడు చేరేసరికి చీకటి పడింది. అప్పటికే వేలల్లో జనం. అందరి చేతుల్లోనూ తమరే. అవతలి వైపు పోలీసాయన టార్చి వేసి తమరిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది వాళ్ళిచ్చింది కదా. వాళ్ళకి అభ్యంతరం లేదని రాశారు. మాకు లేదని మేమెక్కడ రాశాం?" అన్నాడు.

అయ్యా, ఆ ప్రశ్నకి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. తమరి పేరులోనే ఉంది, అభ్యంతరం లేదని. ఎవరికి లేదో మాత్రం రాయరు. పంపించేవాడికి ఎప్పుడూ ఉండదు, వదిలిపోతే చాలు. రానిచ్చేవాడి దగ్గరే కదా అసలు పని. పెళ్ళికి తన తరఫు ఒప్పుకున్నారని పిల్లాడు మండపానికి బయల్దేరినట్టు, తమరిని నమ్ముకుని రెండు వందల కిలోమీటర్లు వచ్చాం. ఆ రాత్రి రోడ్డు మీదే. దగ్గర్లో ఏ ఊరి వాళ్ళో ఆటోలో పులిహోర డేక్షా తెచ్చి దించి, పది అడుగులు వెనక్కి జరిగి, "తినండి బాబూ, దగ్గరికి మాత్రం రాకండి" అని కేకేశారు. అంత రుచైన పులిహోర నేను మళ్ళీ తినలేదు. ఆ సంవత్సరం పేరు శార్వరి. శార్వరి అంటే రాత్రి. పంచాంగం అబద్ధం చెప్పలేదు.

వెనక్కి హైదరాబాద్ వచ్చాక అమ్మ ఫోన్లో అసలు సంగతి చెప్పింది. గరికపాడు దాటినా లాభం లేదట. మా ఊరి పొలిమేరలో రోడ్డుకి అడ్డంగా తుమ్మకంప వేసి, "మా ఊరికి మీరు రావద్దు, మీ ఊరికి మేము రాము" అని బోర్డు కట్టారట. కర్ర పట్టుకుని కాపలా కాసే బ్యాచ్‌కి లీడరు మా సొంత తమ్ముడు. "నువ్వొచ్చినా ఆపేవాణ్ణి అన్నయ్యా, రూల్ రూలే" అని కంప ముందు నిలబడి సెల్ఫీ పంపాడు. వెధవ, పదో తరగతి మూడుసార్లు రాశాడు. వాడికి కూడా అభ్యంతరమే.

సరే, పాత సంగతులు వదిలేద్దాం. పారాసిటమాల్ వేసుకుంటే చాలని రెండు రాష్ట్రాల పెద్దలూ చెప్పింది వదిలేద్దాం. పళ్ళేలు మోగించింది వదిలేద్దాం (మా ఎదురింటి వాళ్ళ ఇత్తడి పళ్ళెం సొట్ట ఇంకా అలాగే ఉంది). ఈ ఏడాది జనాన్ని బయట తిరగనిచ్చే టైముల్లో, ఇటు తెలంగాణలో పొద్దున ఆరు నుంచి పది దాకా, అటు ఆంధ్రాలో ఆరు నుంచి పన్నెండు దాకా, వైరస్ డ్యూటీ దిగుతుందని కూడా నమ్మేశాను. ఉగాదికి గుళ్ళో పంతులు గారు "ఇది ప్లవ నామ సంవత్సరం, ప్లవ అంటే పడవ, అందరినీ ఒడ్డుకి చేరుస్తుంది" అన్నారు. పాలేరు ఎంత వాగు అండీ? అదైనా దాటించలేదు.

ఇప్పుడు గురువారం దగ్గరికి వస్తాను. మా మావయ్యకి బెజవాడలో బెడ్ దొరకలేదు. హైదరాబాద్‌లో నలభై ఫోన్లు చేస్తే ఒకటి దొరికింది. హాస్పిటల్ వాళ్ళ లెటర్‌హెడ్ మీద బెడ్ నంబరుతో సహా తమరిని రాయించుకుని వంతెన దగ్గరికి పరిగెత్తాను. అవతల అంబులెన్స్‌లో మావయ్య, పక్కన మా బావ. ఇవతల నేను, తమరు.

"హాస్పిటల్ లెటర్ కాదు తమ్ముడూ, కంట్రోల్ రూమ్ నుంచి రావాలి," అన్నాడు ఇవతలి తెలంగాణ పోలీసు. కంట్రోల్ రూమ్ నంబరు బిజీ. మళ్ళీ బిజీ. బావ అరగంటకోసారి సిలిండర్ మీటర్ ఫోటో పంపుతున్నాడు. మెసేజ్ ఏమీ లేదు, ఫోటో ఒక్కటే. మొదటి ఫోటోలో ముల్లు పైన ఉంది. మూడో ఫోటోలో సగం. అయిదో దాంట్లో ఎర్ర గీత అంచున. ఈలోపు జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి దర్జాగా వంతెన దాటుతున్నాయి. సిమెంటు బస్తాకి ఊపిరాడాల్సిన అవసరం లేదు కాబట్టి దానికి అభ్యంతరం ఉండదు. నా పక్కన ఒకాయన, "పోయినేడు వాళ్ళు మనల్ని ఆపలేదా, ఇప్పుడు తెలిసొస్తుందిలే" అన్నాడు. పోయినేడు ఆగింది నేనే అయ్యా! ఇప్పుడు ఆగిందీ నా వాళ్ళే! నీ లెక్క ఎవరితో తేలుస్తున్నావు?

ఇంకో సంగతి. 2014 విభజన చట్టంలో హైదరాబాద్ పదేళ్ళ పాటు ఉమ్మడి రాజధాని అని రాసి ఉంది. అంటే 2024 జూన్ దాకా. లెక్కప్రకారం మావయ్య వస్తున్నది తన రాజధానికే. అదీ కాగితమే కదా, నీకు పెద్దన్న వరస.

అవును, "నీకు" అనే అన్నాను. నాలుగున్నర గంటలు చేత్తో పట్టుకున్నాక ఇంకా గౌరవమేమిటి? ముసలాయన ఎగశ్వాస తీస్తుంటే నీ మీద ముద్ర గుండ్రంగా పడిందా, పలకగా పడిందా అని చూస్తార్రా? నువ్వొక ఎ-ఫోర్ కాగితానివి. నీతో వేరుశనక్కాయల పొట్లం కట్టినా ఎవడికో ఒకడికి ఉపయోగపడేదానివి.

అయిదున్నరకి డ్రైవర్ బండి వెనక్కి తిప్పాడు. ఆక్సిజన్ జగ్గయ్యపేట దాకా సరిపోయింది. మర్నాడు, మే 14న, అంబులెన్సులు ఆపకూడదని తెలంగాణ హైకోర్టు స్టే ఇచ్చింది. అదీ కాగితమే. మీ వంశంలో మంచివాళ్ళూ ఉన్నారు, కాకపోతే వాళ్ళు ఒకరోజు ఆలస్యంగా పుడతారు.

మావయ్యకి మళ్ళీ బెజవాడలోనే, ఒక హాస్పిటల్ వరండాలో మంచం దొరికింది. నిన్న రాత్రి ఫోన్లో మాస్క్ పక్కకి తీసి, "అంతదూరం వచ్చావంట, ఏమన్నా తిన్నావా?" అని అడిగాడు. నర్సు కేకలేసింది.

వారంలో పంపించేస్తామంటున్నారు. అమ్మావాళ్ళింటికే తీసుకెళ్ళాలి, అక్కడైతే చూసేవాళ్ళుంటారు. పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. ఊరి పొలిమేరలో మళ్ళీ కంప వేశారట. మావయ్యైనా సరే, నెగెటివ్ రిపోర్టు కాగితం చూపిస్తేనే లోపలికట.

ఈసారి లామినేషన్ చేయిస్తాను.

ఇట్లు,
వేణు
(తమరి రికార్డుల్లో: వీణ)